రాతి మీద తీర్పు

మా ఇంట్లో ఒకసారి వెండి గిన్నె కనిపించకుండా పోయింది. పనిమనిషే తీసిందని మా అత్తగారు తేల్చేశారు. "మీరు చూశారా?" అంటే, "చూడ్డమెందుకూ, ఆ మొహం చూస్తే తెలీడం లేదూ?" అన్నారు. మూడోనాడు గిన్నె బియ్యం డబ్బాలో దొరికింది. అత్తగారు ఏమీ మాట్లాడలేదు గానీ, ఆ నెలలో పనిమనిషికి ఒక చీర మాత్రం ముట్టింది.

అనుమానం ఎంత గట్టిదైనా రుజువు కాదన్న కోర్టువారి సూత్రం ఇలాంటప్పుడు ఎంత చల్లగా ఉంటుందో! కానీ అదే సూత్రం ఒక్కోసారి గొంతు దిగదు. మీరెప్పుడైనా గుత్తి వెళ్లారా? కోట చూడబోయేవాళ్లలో చాలామంది హంపన్న సమాధి చూడకుండానే తిరిగొచ్చేస్తారు.

1893 అక్టోబరు 4. అనంతపురం జిల్లా గుంతకల్లు. వాన కోసం ఆకాశం కేసి చూడ్డం అలవాటైన ఆ మెరకనేల మీద రైలుపట్టాలు కలిసే జంక్షను. తమ దారిన తాము పోతున్న ఇద్దరు ఆడవాళ్ల వెంట తెల్లసైనికులు పడ్డారు. వాళ్లు పరుగున వెళ్లి రైల్వే గేటుకాపరి చోటులో తలదాచుకున్నారు. ఆ గేటుకాపరి పేరు హంపన్న. చేతిలో తుపాకీ లేదు, వెనక బలగం లేదు. అయినా అడ్డం నిలబడ్డాడు. కాల్చేశారు.

ఎక్కడో పల్లెలో కూలివాడు చచ్చిపోయాడని ఊరుకుని ఉండేవారే. గుత్తిలో వకీలు పట్టు కేశవపిళ్ళై ఊరుకోనివ్వలేదు. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు వెళ్లినవారాయన. 'హిందూ' పత్రికకు రాసేవారు కూడా. కేసు మద్రాసు హైకోర్టుకెక్కింది.

ఇక్కడే ఉంది చిక్కు. 1872 సాక్ష్య చట్టం ఎంత చక్కగా చెప్పిందో చూడండి. ఒక సంగతి నిజమని వివేకం గల మనిషి నమ్మి నడుచుకునేటంత సంభావ్యంగా కనిపిస్తే అది రుజువైనట్టే. ఇంతమంది సాక్షులు కావాలన్న లెక్క లేదు; నమ్మదగిన సాక్షి ఒక్కరున్నా చాలు. ఆడమనిషి మాట తక్కువ, మగవాడి మాట ఎక్కువ అని అందులో ఎక్కడా లేదు.

బాగానే ఉంది. కానీ ఆ వివేకం గల మనిషి ఎవరు? ఇల్బర్టు బిల్లు మీద తెల్లవారు చేసిన గొడవ ఫలితంగా 1884 చట్టం వారికి ఒక హక్కు ఇచ్చింది. ముద్దాయి ఐరోపావాడైతే, జ్యూరీలో కనీసం సగం మంది తనవాళ్లే ఉండాలని అడగొచ్చు. ఆడవాళ్లయితే జ్యూరీలో ఉండనే ఉండరు. గుంతకల్లు గేటు దగ్గర ఆడదాని గుండె ఎలా కొట్టుకుందో, నాలుగొందల కిలోమీటర్ల అవతల, ఇంగ్లీషులో నడిచే కోర్టులో తూకం వేయాలి. తరాజు మంచిదే. పట్టుకున్న చెయ్యి ఎవరిదీ అన్నదే ప్రశ్న.

ముద్దాయి నిర్దోషి అన్నారు. జడ్జిగారైతే తీర్పులో కారణాలు రాస్తారు. జ్యూరీవారు చెప్పేది ఒక్క మాటే. ఏ సాక్ష్యం చాలలేదో, ఎందుకు చాలలేదో విప్పి చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఆ జ్యూరీ పద్ధతి తరువాత పోయింది. 1872 చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. సాక్షుల లెక్క అక్కర్లేదన్న మాట, వివేకం గల మనిషి కొలబద్ద మాత్రం అందులోనూ నిలిచాయి.

కోర్టు వదిలేసిన చోట జనం పట్టుకున్నారు. చందాలు పోగుచేసి గుత్తిలో హంపన్నకు సమాధి కట్టారు. అయితే, జనం మాటా మా అత్తగారి తీర్పు లాంటిదేనా అంటారా? నేనూ ఆలోచించాను. రాతిని ఎదురు ప్రశ్నలు వేసే వకీలు లేడు నిజమే. కానీ కోర్టు జవాబిచ్చింది "ఈ ముద్దాయి దోషేనా?" అన్నదానికి. రాయి జవాబిస్తున్నది "హంపన్న ఎందుకు చచ్చిపోయాడు?" అన్నదానికి. రెండూ ఒకటి కావు.

ఒక్కటే నన్ను వదలదు. హంపన్న పేరు చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఆ ఇద్దరి పేర్లు చెప్పినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ తగల్లేదు.