అమ్మెటోళ్లు లేని అంగడి

నెగడుల ఇంకో మొద్దు జరుపురా, చలి ముదిరింది. ఇటు నా పక్కకొచ్చి కూసో. పొద్దున నువ్వన్న మాట నాకింకా చెవులనే ఉంది. నంబి జలపాతం కాడ ఓ పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ పడితే ఉసూరు దశ తిరుగుతదంటివి. జగదల్‌పూరుల అద్దాల దుకాణాలు చూసొచ్చినవు, హైదరాబాదుల అంతకన్న పెద్దయి చూసినవు. మన ఊరికి అసొంటిది లేకపాయెనని నీకు బాధ. ఉండాల్సిందే, పడుసు పోరనివి. గని నేను తునికాకు కల్లంల మున్షీగ చేసినోన్ని. పైస ఏ తొవ్వన వస్తది, ఏ తొవ్వన పోతది, మధ్యల ఎవలి చేతుల ఎంత ఆగుతది, గదే నా బతుకంతా రాసిన లెక్క. ఆ లెక్కల్నే చెప్త, ఇను.

ఎన్కట మా దిక్కు అంగడంటె బాసగూడ సంతనే. తాలిపేరు ఒడ్డున. చర్ల కాడ కట్ట కట్టి ఆపిండ్రు సూడు, ఆ తాలిపేరే ఇది. ఇటు ఉసూరు, ఆవపల్లి నుంచి, అటు జగర్‌గుండ తొవ్వ నుంచి, అడివిల పేరు కూడ తెల్వని పల్లెల నుంచి జనం వస్తుండ్రి. దూరపోళ్లు ముందటి రోజే బయలెల్లి, నడుమ యాడనో చెట్టు కింద పండుకొని, తెల్లారెటాల్లకు చేరుతుండ్రి. దొర్లోళ్లు, మురియోళ్లు, తెలుగు సావుకార్లు, హిందీ సావుకార్లు. నాలుగు భాషలల్ల బేరమాడుతుంటె ఎవలికీ తిప్పలు కాకపోతుండె. దొర్లోళ్ల మాటల తెలుగు కలిసుంటది, మురియోళ్లతోని గోండి మాట్లాడాలె, జగదల్‌పూరు లారీవానితోని హల్బీనో హిందీనో.

ఎండకాలం ముందర చింతపండు దిగుతుండె. ఆ వాసన సంత మొగదల్నే తగులుతుండె. లారీలకు లారీలు దక్షిణం దిక్కు పోతుండె. ఆ వెనక ఇప్పపువ్వు, సారపప్పు. కరక్కాయలు, అడ్డాకులు, చీపురు పుల్లలు వేరే. కమ్మరాయన బాణం మొనలు, కొడవండ్లు పరుచుకొని కూసుంటుండె. మేదరామె గంపలు, చాటలు. ఓ దిక్కు కుండలు. ఇంకో దిక్కు ఆకుల పొట్లాల్ల ఎర్రచీమల పచ్చడి. పక్కకు జీలుగు కల్లు, ఇప్పసారా. సందెకాడ కోడిపందెం లేకుంటె అది సంతనే కాదు. పెండ్లి సంబంధాలు గూడ ఆన్నే మాట్లాడుకుందురు. మీ నాయనమ్మను నాకు అడిగింది ఆ సంతల్నే అనుకో, ఆ ముచ్చట ఇంకోనాడు.

నేను చెప్పాల్నన్నది ఒక్క సంగతి. ఆ సంతకు ఉత్త చేతులతోని వచ్చినోడు లేడు. ముసలమ్మ గూడ ఓ సోలెడు సారపప్పో, నాలుగు గుడ్లో, మోపెడు కట్టెలో తెస్తుండె. ముందుగాల గంప దించుడు, అమ్ముడు. ఆ పైసతోని ఉప్పు, నూనె, చీర, పొగాకు కొనుడు. పొద్దున అమ్మినోళ్లే మాపు కొన్నోళ్లు. అందుకే తెచ్చిన పైస ఆన్నే తిరిగి, కమ్మరాయనకు, మేదరామెకు, కుమ్మరికి ఇంత ఇంత అంటుకొని, మిగిలింది సావుకారి గల్లాల పడుతుండె.

బంగారం లెక్క ఉండేననుకునేవు, ఉత్తదే. మోసం కానరాని సంత యాడుంది? సేరు ఉప్పు పోసి సేరు సారపప్పు కొలుసుకున్న సావుకార్లున్నరు. ఇయ్యాల సారపప్పు ధర సూడు, ఉప్పు ధర సూడు, నీకే తెలుస్తది. కోచియాలని ఉంటుండ్రి. సంత దాంక రానియ్యకుండ తొవ్వల్నే ఆడోళ్ల నెత్తి మీది గంపలు గుంజి, చేతుల ఇంత పెట్టి పంపుతుండ్రి. కాంటా కింద బొటనేలు పెట్టెటోడు, కొలత మానికకు అడుగు ఎత్తుగ కొట్టించుకున్నోడు, అందర్నీ సూసిన. గని ఒకడు ముంచితె పక్క చెట్టు కింద ఇంకొకడు ఉంటుండె. వారం తిరిగితె మళ్ల మొఖం సూడాలె గద, ఆ సిగ్గుకన్న కొంచెం తగ్గుతుండె.

సర్కారు గూడ నడుమ చెయ్యి పెట్టింది. మధ్యప్రదేశ్ ఉన్నప్పుడే 1964ల తునికాకు చట్టం తెచ్చి, ఆకు బేరం తన చేతుల్లకు తీసుకున్నది. వెయ్యి కట్టలు, కట్టకు యాభై ఆకులు, అది ఒక మానక్ బోరా. కట్టలు లెక్కవెట్టి లెక్కవెట్టి నా వేళ్లు నల్లగైనయి. మొన్న మొన్నటి దాంక బోరాకు 4000 ఇస్తుండ్రి, ఇప్పుడు 5500. చింతపండుకు మటుకు చానా ఏండ్లు అడిగెటోడు లేడు. 2000 సాలు దగ్గర పడుతుంటె బస్తర్ కలెక్టరుగ ప్రవీర్ కృష్ణ అనెటాయన ఉండె. ఊళ్లల్లనే గుంపులు పెట్టించి, చింతపండు సర్కారు తరఫున కొనిపిచ్చిండు. ఇమ్లీ ఆందోళన్ అన్నరు దాన్ని. కొనెటోడు ఇంకొకడు వచ్చిండని తెలంగనె సావుకార్లు గూడ ధర పెంచిండ్రు. అంగడి అంటె గదేరా, కొనెటోళ్లు ఎక్కువైతె అమ్మెటోనికి పానం వస్తది.

గని 2005ల సల్వా జుడుం మొదలైంది. దాని గురించి రాత్రిపూట మాట్లాడ. బాసగూడ కాలీ అయ్యింది, సంత బందైంది. ఇండ్లు ఇడిసిపెట్టి కొందరు క్యాంపులల్లకు, కొందరు గోదారి దిక్కు అడవులకు పోయిండ్రు. ఆళ్లనే అక్కడ గుత్తికోయలంటున్నరు. 2011 జులైల సుప్రీంకోర్టు జుడుం తప్పని చెప్పేదాంక, తర్వాత గూడ, తొవ్వలు తొవ్వల లెక్క లేకుండె. అప్పుడు సమజైంది నాకు అంగడి విలువ. ఇండ్లల్ల చింతపండు కుప్పలున్నయి, కొనెటోడు లేడు. ఉప్పు కోసం పామేడు అడివిల నుంచి చర్ల దాంక నడిసినోళ్లున్నరు. చేతుల సరుకున్నా పైస పుట్టకపోతె ఇంక అమ్ముకునెటిది ఒళ్లే. మన ఆడపిల్లలు మిరపతోటల్ల కూలికి తెలంగాణకు పోవుడు ఆ కాలంల్నే పెరిగింది. ఇప్పటికీ పోతున్నరు.

సంత మళ్ల మొదలైంది, సంతోషం. రోడ్డు పడ్డది, అది గూడ సంతోషమే. హైదరాబాదు నుంచి ఏటూరునాగారం మీదికెల్లి భోపాలపట్నం దాంక రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద కంపెనీ సబ్బులు, కుర్‌కురే పొట్లాలు, ప్లాస్టిక్ బుట్టలు వచ్చినయి. ప్లాస్టిక్ బుట్ట వచ్చినంక మేదరామె సంతకు వచ్చుడు తక్కువ చేసింది. ఎవలూ ఆమెను వెళ్లగొట్టలే, గంప అడిగెటోళ్లే తగ్గిండ్రు.

ఇగ నీ కాంప్లెక్స్ ముచ్చటకొస్త. జగదల్‌పూరు సూడు. దసరా 75 రోజులు. మన వరంగల్లు కాకతీయుల వంశమే ఆడికొచ్చి దంతేశ్వరమ్మను కొలిసిందంటరు. రథం గుంజుడు, మురియా దర్బారు, జాతర చుట్టూ మీనా బజారు. 2020 సెప్టెంబరుల విమానం గూడ వచ్చింది, హైదరాబాదుల ఎక్కి జగదల్‌పూరుల దిగుడే. చిత్రకోట్ జలపాతం, తీరథ్‌గఢ్ సూడొచ్చెటోళ్లు పెరిగిండ్రు. ఆ వచ్చినోళ్లు యాడ దిగుతరు, యాడ తింటరు, ఏం కొంటరు, సూసినవా? సల్ల గాలి కొట్టే దుకాణంల కొన్న చొక్కా బస్తర్ల నేసింది కాదు. ఆ దుకాణం పైస సాయంత్రానికి యాడనో పెద్ద పట్నం బ్యాంకుల జమైతది. మనోనికి మిగిలేది తలుపు కాడ నిలబడే జీతం. జీతం చెడ్డది కాదు, నీ అసొంటోనికి అవసరమే. గని పదిమందికి జీతమొచ్చి వందమంది గంపలు నేల మీదనే ఉంటె, ఊరికి లాభమొచ్చిందని నేను రాయలేను.

కొండగావ్ ఘడ్వాలు పోసే ఢోక్రా బొమ్మలు చూసినవా? మైనంతోని బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి మైనం కరగబెట్టి, ఆ ఖాళీల కరిగిన ఇత్తడి పోస్తరు. చల్లారినంక మట్టి పగలగొట్టాలె. ఒక్క అచ్చుల ఒక్క బొమ్మనే, ఇంకోటి దాని లెక్క రాదు. పెద్ద దుకాణమాయన వచ్చి ఒకే తీరువి రెండొందలు కావాలంటడు, పది దినాల్ల కావాలంటడు. ఘడ్వా ఏడ తెస్తడు? అప్పుడు మిషన్ల పోసినయి వస్తయి. చూసెటోనికి తేడా తెల్వది.

యాదగిరిగుట్టకు పోయొచ్చిన నేను. కొత్త గుడి 2022 మార్చిల తెరిసిండ్రు, రాయి పని చూస్తె కండ్లు తిరుగుతయి. జనం ఎన్నడూ లేనంత వస్తున్నరు. గని కొండ మీద ఎన్కట్నుంచి కొబ్బరికాయలు, కుంకుమ, గాజులు అమ్ముకున్నోళ్లను తీసేసి, తొవ్వ పెద్దగ చెయ్యనీకి కింద గూడ దుకాణాలు కూలగొట్టిండ్రు. యాత్రికులు పెరిగితె చిన్న దుకాణం గూడ పెరగాలని లేదురా. గిరాకి ఊరికొస్తదా, కాంప్లెక్సుకొస్తదా, అది జాగ ఎవలికి దొరికిందన్న దాన్ని బట్టి ఉంటది.

అట్లని యాత్రికులు రావద్దని గాదు నేననేది. కాంగేర్ లోయల ధూడ్‌మారస్ అని చిన్న ఊరుంది. ఊరోళ్లే వాగుల వెదురు తెప్పలు నడుపుతరు, తమ ఇండ్లల్ల అర్రలిచ్చి తమ కూరలే వండి పెడతరు. 2024ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థోళ్లు ఆ ఊరిని ఏరుకున్నరు, మంచిగ చేయనీకి తోడుంటమని. ఆడ అద్దాల దుకాణం లేదు. తెప్ప ఎక్కిన మనిషి ఇచ్చిన పైస తెప్ప నడిపినోని ఇంట్లనే పడుతది.

మన నంబి మూడొందల అడుగులంటరు. నువ్వు పుట్టకముందు దాని కాడికి ఊరోళ్లు తప్ప పోయెటోడు లేకుండె. రేపు బండ్లు వచ్చి ఆగినప్పుడు ఆ తొవ్వల నీ చెల్లె జీలుగు కల్లు గాదు గని, ఇప్పపూల లడ్డో, సారపప్పు పొట్లమో, అడ్డాకు విస్తరిల జొన్నరొట్టో అమ్ముకునే జాగ ఉంటదా, ఉండదా? మొదలు గది అడగాలె.

అడగనీకి తొవ్వ ఉంది. 1996ల పెసా చట్టమొచ్చింది, మన అసొంటి ఐదో షెడ్యూలు ఊళ్లకు. ఊరి సంతను నడుపుకునే అధికారం గ్రామసభకు, పంచాయతికి ఉండాలని దాంట్ల రాసిండ్రు. అడివి సరుకు మీద హక్కు గూడ. ఛత్తీస్‌గఢ్ సర్కారు దానికి రూల్స్ 2022 ఆగస్టుల పెట్టింది. నీకు చదువొచ్చు, బిజాపూరు పోయినప్పుడు ఆ కాయితం తీస్కరా. గ్రామసభ కూసుంటె నువ్వు లేసి నాలుగు మాటలడుగు. చెట్ల కింద కూసునెటోళ్లకు ఎంత జాగ, ఎంత తైబజారు? కట్టిన షటర్లు ఎవలకిస్తరు, కిరాయి ఎవలు తీసుకుంటరు? మన గంపలల్ల సరుకు ఆ దుకాణమోడు కొంటడా, కొంటె నగదా, అరువా? వీటికి మంచి జవాబు వస్తె, కట్టనియ్యి నీ కాంప్లెక్స్, మొదలు దినం నేను గూడ వచ్చి ఓ చొక్కా కొంట.