టీకాలు - మనవారి భయములు : ఒక చారిత్రక పరిశీలనము

మన యిండ్లలో ఏబది, అరువది యేండ్లు దాటిన పెద్దల భుజములమీద పావలాకాసంత మచ్చ యొకటి తరచుగా కానవచ్చును. అది మశూచి టీకా గురుతు. బెంగుళూరులో నున్నను, మదురలో నున్నను, బరంపురములో నున్నను, షోలాపురములో నున్నను, యానాములో నున్నను ఆ తరమువారి మేనిపై నా గురుతు ఒక్కటే. పరభాషల నడుమ స్థిరపడి తరములు గడచిన మన కుటుంబములకు ఉమ్మడిగా మిగిలిన గురుతులలో నిదియు నొకటి యని చెప్పవచ్చును. ఆ మచ్చ వెనుక నొక వ్యాధి చరిత్రయే గాక, ఒక భయము చరిత్రయు గలదు. ఆ రెండవ చరిత్రను సంగ్రహముగా వివరించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఈ విషయము నా మనస్సున నాటుటకు కారణమైన చిన్న సంగతి యొకటి ముందుగా విన్నవింతును. 2021వ సంవత్సరము మార్చి నెలలో అరువది యేండ్లు దాటినవారికి కోవిడు టీకాలు వేయుట మొదలైనది. బెంగుళూరులో మా దొడ్డమ్మకు పేరు నమోదు చేయించితిమి. తేదీయు, వేళయు ఖరారైనవి. ముందునాటి రాత్రి ఆమె నిదురపోలేదు. పొరుగువారు చెప్పిన కథలన్నియు ఆమె చెవులలో మారుమ్రోగుచుండెను. ఫోనునకు వచ్చిన సూచనలు ఇంగ్లీషులోను కన్నడములోను ఉండెను. ఆమెకు చదువవచ్చినది తెలుగొక్కటే. "చిన్నప్పుడు వేయించుకున్నావు గదా దొడ్డమ్మా, ఇప్పు డెందుకు భయం?" అని నేనడుగగా, ఆమె తన భుజము నిమురుకొనుచు, "అప్పుడు భయపడింది మా అమ్మ. ఇప్పుడు నా భయం నేనే పడాలి గదా నాయనా" అనెను. ఆ మాట నన్ను వెనుకటి తరములవైపు చూచునట్లు చేసినది.

మశూచిని మనవారు వ్యాధి యనలేదు. "అమ్మవారు పోసినది" అనిరి. తెలుగునాట పోలేరమ్మ, తమిళదేశమున మారియమ్మ, కన్నడసీమలో మారమ్మ, ఒడిస్సాలో ఠాకురాణి ఆ తల్లికి పేరులు. మహారాష్ట్రమున వ్యాధికే "దేవి" యని పేరు. టీకా వేయించుటను గూడ వారు దేవి పొడిపించుట యనియే చెప్పుదురు. తమిళులు అమ్మ కుత్తుట యందురు. ఇంట అమ్మవారు వెలసినప్పుడు గుమ్మమున వేపమండలు కట్టుదురు, తాలింపు వేయరు, పరుల రాకపోకలు మానుదురు, రోగికి చలువచేయు పదార్థము లిత్తురు, తగ్గిన పిమ్మట వేపాకు, పసుపు కలిపిన నీళ్లు తలకు పోయుదురు. ఇందు భక్తితోపాటు రోగిని వేరుగా నుంచి విశ్రాంతి నిచ్చు వివేకమును గలదు. మందులేని రోగమున కింతకంటె చేయదగిన దేమి? అట్టి యింటికి పరాయివాడొకడు కత్తితో వచ్చి బిడ్డ చేతిని గీతునన్నచో, తల్లి కాదనుట వింత గాదు. అమ్మవారు అలిగి, పోని బిడ్డకు గూడ పోయునేమో యని యామె భయము.

పరదేశీయుల టీకా రాకముందే మన దేశమున మరియొక పద్ధతి యుండెను. మశూచి పొక్కుల రసినే కొంచెముగా ఆరోగ్యవంతుని చర్మమున చొప్పించి, తేలికగా రోగము తెప్పించి, పెద్ద రోగమునుండి కాపాడుట ఆ పద్ధతి. బెంగాలు, ఒడిస్సా ప్రాంతములలో నిది ప్రసిద్ధము. అట్లు చేయువారికి టీకాదార్లని పేరు. నేటి మన "టీకా" యను మాట ఆ వాడుకనుండి వచ్చినదే. ఇందువలన నూటికి ఒకరిద్దరు చనిపోవుటయు, రోగము ఇతరులకు అంటుటయు గలదు. అయినను సహజముగా మశూచి సోకిన 100 మందిలో సుమారు 30 మంది మరణించుచుండిన కాలమున, ఆ మాత్రపు ప్రమాదమును జనులు ఎరిగియే యొప్పుకొనిరి. కాబట్టి మన పూర్వులు ప్రమాదమును తూచి చూడ నేరనివారు కారు.

ఇంగ్లండున ఎడ్వర్డు జెన్నరు 1796వ సంవత్సరము మే 14వ తేదీన, పాలు పితుకు నొక యువతి చేతిపై లేచిన గోమశూచి పొక్కునుండి రసి తీసి, ఎనిమిదేండ్ల బాలునికి వేసెను. ఆవులకు వచ్చు ఆ తేలిక రోగము మనుష్యులను మశూచినుండి కాపాడునని తేలెను. 1798లో నతడు తన పరిశోధనను ప్రకటించెను. ఆ రసి బాగ్దాదు, బస్రాలమీదుగా బొంబాయి చేరగా, 1802వ సంవత్సరము జూన్ 14వ తేదీన మూడేండ్ల బాలిక యొకతెకు అచ్చట టీకా వేసిరి. ఇండియాలో మొదటి గోమశూచి టీకా యదియే. ఆనాడు మంచుపెట్టెలు లేవు. ఒక బిడ్డ చేతిపై లేచిన పొక్కునుండి రసి తీసి మరియొక బిడ్డకు వేయుచు, చేతినుండి చేతికి దానిని దేశమంతట నడిపించిరి. తమ బిడ్డనుండి రసి తీయుటకు తల్లులు ఒప్పుకొనకపోవుటయు, ఏ కులమువారి బిడ్డనుండి వచ్చినదో యని సందేహించుటయు ఆనాటి చిక్కులలో ముఖ్యములు.

ఈ సందర్భమున మైసూరు సంస్థానము జ్ఞప్తికి వచ్చును. 1805 ప్రాంతమున థామస్ హికీ యను చిత్రకారుడు ముగ్గురు రాజవంశపు స్త్రీలను చిత్రించెను. చాలకాలము ఆ పటములోనివారు నర్తకులని తలచిరి. నైజెల్ ఛాన్సెలర్ అను చరిత్రకారుడు వేరొక యర్థము చెప్పెను: కుడివైపున పైటచెరగు తొలగించి భుజము చూపుచున్నది ముమ్మడి కృష్ణరాజ ఒడయరు రాణి దేవజమ్మణి యనియు, ఆమె చూపుచున్న చోటు టీకా వేసిన చోటనియు అతని యభిప్రాయము. ఎడమవైపు స్త్రీ ముక్కు క్రిందను, నోటి చుట్టును కానవచ్చు రంగుమార్పు పాత టీకాదార్ల పద్ధతికి గురుతని కూడ ఆయన భావించెను. ఈ వివరణము సరియైనచో, జనుల జంకు తీర్చుటకు అంతఃపురమే ముందుకు వచ్చిన దన్నమాట. ఉపదేశముకంటె పెద్దయింటివారి చేతిమీది మచ్చ యెక్కువగా నమ్మించును.

మద్రాసులో మరియొక ఉపాయము పన్నిరి. కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు పేరు తెలుగువారికి క్రొత్త గాదు. 1816లో వెలువడిన కాంబెలు తెలుగు వ్యాకరణమునకు పీఠిక వ్రాసి, తెలుగు మొదలగు దక్షిణదేశ భాషలు సంస్కృతజన్యములు గావని నిరూపించినవాడు ఆయనయే. ఆయన టీకామీది యపనమ్మకమును పోగొట్టుటకై, దేవి ధన్వంతరికి గోమశూచి మహిమ బోధించినట్లుగా తమిళమున నొక సంవాదము వ్రాసెను. 1819వ సంవత్సరము జనవరిలో "మద్రాసు కొరియరు" పత్రికలో "కల్వి విరుంబన్" అను మారుపేరుతో నొక లేఖ వచ్చెను. ధన్వంతరి చెప్పిన ప్రాచీన గ్రంథములోనే గోమశూచి టీకా కలదని దాని సారాంశము. నేటి పరిశోధకులు ఆ ప్రమాణము ప్రాచీనము గాదనియు, టీకాను జనులచే నొప్పించుటకై కల్పింపబడిన దనియు తేల్చిరి. ఉద్దేశము మంచిదే. కాని కల్పితమైన శ్లోకముతో కలిగించిన నమ్మకము ఆ శ్లోకము బయటపడిన నాడే కూలిపోవును. మన ప్రాచీనులకు సర్వమును తెలియునని చెప్పి గర్వపడువారు ఈ సంగతి గమనింపదగినది.

భయమున కాధారమే లేదనుటయు సత్యము గాదు. చేతినుండి చేతికి వేయు పద్ధతిలో ఇతర రోగములు గూడ ప్రాకుట కలదు. 1861లో ఇటలీదేశపు రివాల్టా గ్రామమున టీకాలద్వారా పలువురు బిడ్డలకు సవాయిరోగము సోకినది. అటుపిమ్మటనే ఆవుదూడలనుండి శుద్ధముగా రసి తయారుచేయు విధానము వ్యాపించెను. మద్రాసు దగ్గర గిండీలో 1899లో ఏర్పడిన కింగు ఇన్‌స్టిట్యూటు ఆ రసి తయారుచేయుటకే మొదట ప్రసిద్ధి కెక్కినది. అనగా, జనుల జంకులో న్యాయమైన భాగమును వైద్యులు విని, పద్ధతి మార్చుకొనుటవలననే టీకా బాగుపడినది.

1896లో బొంబాయి నగరమున మహామారి ప్రబలెను. నైజాము సీమనుండి తరలిపోయి ఇండ్లు కట్టు కూలిపనులలో స్థిరపడిన తెలుగు కామాఠీల పేర వెలసిన కామాఠిపుర, బైకలా పేటకు చేరువనే యున్నది. ఆ బైకలాలోనే హాఫ్కిను అను శాస్త్రజ్ఞుడు మహామారి టీకా తయారుచేసి, 1897వ సంవత్సరము జనవరి 10వ తేదీన మొదట తనకే వేసికొనెను. జ్వరమును, సూది గ్రుచ్చినచోట నొప్పియు వచ్చి తగ్గెను. తరువాత బైకలా చెరసాలలో ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేసెను. ఆ యేడే పూనాలో అధికారులు సైనికులచే ఇండ్లు సోదా చేయించి జనుల మానమర్యాదలు పాటింపకుండుటచే కసి పెరిగి, జూన్ నెలలో ప్లేగు అధికారి రాండు కాల్పులకు గురియై, పిదప మరణించెను. ఒకరు తన చేతిని ముందు చాచెను. వేరొకరు ఇతరుల తలుపులు విరుగగొట్టిరి. రోగమొక్కటే యైనను, జనులకు ఈ రెండింటి తారతమ్యము తెలియకపోలేదు.

1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని మల్కోవాలు గ్రామమున, ఒక్క సీసానుండి మహామారి టీకా వేయించుకొన్న 19 మందియు ధనుర్వాతముచే మరణించిరి. నింద హాఫ్కినుపై పడెను. విచారణ సాగి, సీసా తెరచునప్పుడు నేలపై పడిన పట్టుకారును నిప్పున కాల్చి శుద్ధి చేయకుండుటయే కారణము కావచ్చునని తేలెను. 1907లో ఆయన నిర్దోషిత్వము లోకమున కెల్ల వెల్లడియైనది. ఆ ప్రయోగశాలకు 1925లో ఆయన పేరే పెట్టిరి. ఆ 19 మంది మరణము కట్టుకథ గాదు. టీకా విషమనుటయు నిజము గాదు. జరిగిన తప్పును కప్పిపుచ్చక, అది యెచట జరిగెనో వెదకి చెప్పుటయే మందు.

మశూచి విషయమునను లెక్క చూడవలెను. మొదటిసారి టీకా వేయించుకొన్న పదిలక్షలమందిలో ఒకరిద్దరు దాని దుష్ఫలితములచే మరణించుచుండిరి. చాలమందికి జ్వరము, పుండు, పిదప మచ్చ - ఇంతటితో సరి. 1962లో మన దేశమున మశూచి నిర్మూలన కార్యక్రమము మొదలయ్యెను. ఇండియాలో కడపటి రోగి 1975 మే నెలలో కనబడెను. 1980 మే 8వ తేదీన ప్రపంచము మశూచినుండి విముక్తమైనదని ప్రకటించిరి. అమ్మవారి గుళ్లు నేటికిని నిలిచియున్నవి, జాతరలు సాగుచునే యున్నవి. బిడ్డలు మాత్రము ఆ రోగముతో చచ్చుట లేదు. టీకా అమ్మవారిని వెళ్లగొట్టునన్న భయమును కాలమే తీర్చినది.

ఇక భయమే దేహముపై చూపు ప్రభావము నేటి వైద్యులు గుర్తించినారు. సూది వేళ గుండెదడ, చెమట, కన్నులు చీకట్లు క్రమ్ముట, సొమ్మసిల్లుట మొదలగునవి టీకాలోని పదార్థమువలన గాక, ఆందోళనవలననే కొందరికి కలుగును. ఇది నటన గాదు. దేహము నిజముగానే అట్లు స్పందించును. కోవిడు టీకాల పరీక్షలలో టీకాకు బదులు మందులేని సూది వేయబడినవారిలోను 100 మందికి సుమారు 35 మంది మొదటి సూది తరువాత తలనొప్పి, అలసట వంటివి చెప్పిరని 2022లో ప్రకటించిన పరిశీలనమున తేలెను. అయితే అరుదుగా తీవ్రమైన ప్రతిక్రియలు నిజముగా వచ్చుటయు గలదు. అట్టివి తరచుగా కొద్ది నిమిషములలోనే పొడసూపును గనుక, సూది వేసిన పిమ్మట అరగంట కూర్చుండ బెట్టిరి. ఆ అరగంట ఆచారము గాదు, కావలి.

పరభాషాప్రాంతమున నివసించు మనకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన పాఠమొకటి గలదు. రోజువారీ బేరసారములకు స్థానిక భాష చాలును. ప్రాణభయము మాత్రము తల్లిభాషలోనే కలుగును, తల్లిభాషలోనే తీరును. కాగితముమీది సూచనలను పెద్దలకు తెలుగున చదివి వినిపించుట, వారికున్న పాతరోగములను, పడని మందులను వైద్యునికి ముందుగా తెలుపుట, వారి ప్రశ్నకు నవ్వక సమాధానము చెప్పుట - ఇవి ప్రతి కుటుంబమును, ప్రతి తెలుగు సంఘమును చేయదగిన పనులు. "ఏమియు కాదు" అని చెప్పుటకంటె "ఇది ఇది కావచ్చును, ఇది యైనచో ఇట్లు చేయుదము" అని చెప్పుట మేలు.

ఆ రాత్రి మా దొడ్డమ్మ ప్రక్కన కూర్చుండి సూచనలన్నియు తెలుగులో చదివితిని. చేయి నొప్పి, ఒకటి రెండు దినములు జ్వరము, ఒళ్లునొప్పులు రావచ్చును; ఊపిరి ఆడకున్నను, ముఖము వాచినను వెంటనే చెప్పవలెను; అరగంట అచ్చటనే యుండవలెను - ఇట్లు ఒక్కొక్కటిగా. ఆమె ప్రతిదానికిని ఒక ప్రశ్న వేసెను. తెలిసినంత చెప్పితిని, తెలియనివి వ్రాసికొని మరునాడు వైద్యురాలిని అడిగితిమి. సూది వేయించుకొని యింటికి వచ్చిన సాయంకాలము ఆమెకు జ్వరము వచ్చెను. నేను కంగారుపడి నుదురు తాకగా, ఆమె కన్నులు తెరచి, "నువ్వు చెప్పినట్టే వచ్చింది లేరా. రేపటికి పోతుంది. పోయి పడుకో" అనెను. మరునాటి సాయంకాలమునకు జ్వరము విడిచినది. రెండవ సూదికి ముందునాటి రాత్రి ఆమె హాయిగా నిద్రపోయెను.