గడప దాటని హార్మోను

జి-ప్రోటీన్ అనేదొకటి ఉందని లోకానికి తెలిసింది కల్తీ సరుకు పుణ్యమా అని. 1970 ప్రాంతంలో, అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల ప్రయోగశాలలో మార్టిన్ రాడ్‌బెల్ బృందం వాడిన ఏటీపీలో (కణానికి శక్తినిచ్చే అణువు ఇది) మరో పదార్థం రవ్వంత కలిసి ఉంది. అసలు పని చేస్తున్నది ఆ రవ్వంతేనని తేలింది. అయితే ఆ సీసా దాకా రావాలంటే అరవై అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1905లో కేంబ్రిడ్జ్‌లో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ కోడి కండరాల మీద నికోటిన్ ప్రయోగించి చూశారు. కండరానికి వెళ్లే నరాన్ని ముందే కోసి, అది పూర్తిగా క్షీణించాక నికోటిన్ ఇచ్చినా కండరం ముడుచుకుంది. క్యురారే అనే విషం ఇస్తే నికోటిన్ ఆట కట్టింది. కానీ కరెంటు తగిలిస్తే అదే కండరం శుభ్రంగా ముడుచుకుంది. అంటే మందు పట్టేది నరాన్నీ కాదు, ముడుచుకునే యంత్రాంగాన్నీ కాదు. దాన్ని అందుకునే పదార్థం మరేదో కండరంలోనే ఉండాలి. మనం ఇప్పుడు గ్రాహకం, రిసెప్టర్ అంటున్నది దాన్నే. కళ్లతో చూసినవారెవరూ లేరు కాబట్టి చాలాకాలం చాలామంది నమ్మలేదు కూడా.

1948లో అమెరికాలోని జార్జియాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ అడ్రినలిన్ కుటుంబపు రసాయనాలను రకరకాల అవయవాల మీద పరీక్షించి, గ్రాహకాలు ఒక రకం కాదు, ఆల్ఫా, బీటా అని రెండు రకాలన్నారు. ఔషధశాస్త్ర పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. చివరికి శరీరధర్మశాస్త్ర పత్రికలో అచ్చయింది. దాన్నే నమ్ముకుని బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ 1960లలో ప్రొప్రనొలాల్ తయారుచేశారు. గ్రాహకం నిజంగా ఉందో లేదో తేలకముందే దాన్ని మూసేసే మందు బజారులోకి వచ్చేసిందన్నమాట.

అడ్రినలిన్ రక్తంలోకి రాగానే కాలేయం దాచుకున్న గ్లైకోజన్‌ను గ్లూకోజుగా విడగొట్టి వదులుతుంది. ఎలా? క్లీవ్‌లాండ్‌లో ఎర్ల్ సదర్లాండ్ పట్టుకున్న ప్రశ్న ఇది. హార్మోన్లు చెక్కుచెదరని కణం మీదే పనిచేస్తాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆయన బృందం కాలేయాన్ని నూరి, ఆ ముద్దలోనే అడ్రినలిన్ కలిపింది. పనిచేసింది! ముద్దను సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, అడుగున చేరిన మడ్డి తీసేసి, పైన తేరిన ద్రవంలో అడ్రినలిన్ వేశారు. చలనం లేదు. ఈసారి ఆ మడ్డికి విడిగా అడ్రినలిన్, ఏటీపీ చేర్చి, కాసేపాగి మరిగించి, దాంట్లోంచి వచ్చిన ద్రవాన్ని తేటలో కలిపారు. గ్లైకోజన్‌ను విడగొట్టే ఎంజైము మేల్కొంది. ఎంజైము సాధారణంగా మరిగిస్తే చచ్చిపోతుంది. మడ్డిలోంచి వచ్చినది చావలేదు కాబట్టి అది ఏదో చిన్న అణువై ఉండాలి. అదే సైక్లిక్ ఏఎంపీ. ఈ ప్రయోగం ఎంత సాదాగా ఉందో అంత గొప్పది. దీనికి సాటివచ్చే ప్రయోగం ఈ మొత్తం చరిత్రలో మరొకటి లేదనే చెప్పాలి.

ఆ అణువు ఏమిటో గుర్తించడంలో ఓ తమాషా జరిగింది. సెయింట్ లూయిస్‌లో డేవిడ్ లిప్కిన్ అనే రసాయనవేత్తకు ఏటీపీ మీద చేసిన ప్రయోగంలో ఒక వింత పదార్థం దొరికింది. ఆయనా, సదర్లాండూ ఒకరికి తెలియకుండా ఒకరు లియాన్ హెప్పెల్ అనే మరో శాస్త్రవేత్తకే ఉత్తరాలు రాశారు. రెండూ ఒకే పదార్థం గురించేనని పసిగట్టి ఇద్దరినీ కలిపింది హెప్పెల్. సైక్లిక్ ఏఎంపీకి ముడిసరుకు ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. అప్పటికి తేలిన లెక్క ఇది: అడ్రినలిన్ లోపలికి రాదు, గడప బయటే నిలబడి కబురు చెప్పి పోతుంది, లోపల ఆ కబురు మోసేది సైక్లిక్ ఏఎంపీ. (స్టెరాయిడ్ హార్మోన్లు లోపలికే వెళ్తాయి, అది వేరే కథ.) మరి బయటి కబురు లోపలికి అందించేదెవరు?

ఇక్కడే రాడ్‌బెల్ సీసా వస్తుంది. ఎలుక కాలేయ కణాల పొరకు గ్లూకగాన్ అనే హార్మోను అతుక్కుంటుంది. ఏటీపీ కలిపితే చప్పున ఊడివస్తోంది. కానీ అందుకు ఏటీపీ చాలా ఎక్కువగా కావలసివస్తోంది. అనుమానం వచ్చి ఇతర రసాయనాలు ప్రయత్నిస్తే, ఏటీపీకి చుట్టమైన జీటీపీ అతి తక్కువ మోతాదులోనే ఆ పని చేసేసింది. కొన్న ఏటీపీలో జీటీపీ కలిసి ఉందని అర్థమైంది. అంతేకాదు, జీటీపీ లేకపోతే హార్మోను కబురు లోపలికి చేరడమే లేదు. గ్రాహకానికీ, సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైముకూ నడుమ మూడోది ఒకటి ఉండాలి.

ఆ మూడోదాన్ని చేతికి చిక్కించుకున్నది వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ గిల్మన్. గ్రాహకం ఉండి కూడా కబురుకు స్పందించని ఎలుక క్యాన్సర్ కణాల పొరలను తీసుకుని, వాటికి మంచి కణాల సారం కలిపితే స్పందన తిరిగొచ్చింది. 1980 నాటికి ఆ ప్రోటీన్‌ను శుద్ధి చేశారు. జి-ప్రోటీన్ అంటే అదే. ఆల్ఫా, బీటా, గామా అని దానికి మూడు భాగాలు. పనిలేనప్పుడు ఆల్ఫా జీడీపీని పట్టుకుని ఉంటుంది. గ్రాహకం కదలగానే జీడీపీని వదిలి జీటీపీని అందుకుంటుంది, మిగతా రెంటి నుంచి విడిపోయి ఎంజైమును ఉసిగొల్పుతుంది. కొద్ది సెకన్లలో జీటీపీని తనే జీడీపీగా తుంచేసి మళ్లీ చల్లబడుతుంది. రాడ్‌బెల్, గిల్మన్‌లకు 1994లో నోబెల్ ఇచ్చారు.

ఆ తుంచడం ఆగిపోతే ఏమవుతుందో కలరా చూపిస్తుంది. కలరా విషం పేగు కణాల్లోని ఆల్ఫాను జీటీపీతోనే బిగించేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ ఊరుతూనే ఉంటుంది, ఉప్పూ నీరూ పేగులోకి పోటెత్తుతాయి; తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. గ్లూకోజుతో కలిసి సోడియం లోపలికి వచ్చే దారి మాత్రం చెడదు. ఓఆర్ఎస్ పనిచేసేది ఆ దారినే. అసలు కలరా రోగానికి కారణం క్రిమి విడిచే విషమేనని 1959లో కలకత్తాలో కుందేలు పేగుల మీద రుజువు చేసినవారు శంభునాథ్ డే. బతికుండగా మన దేశం ఆయనకు చెప్పుకోదగ్గ పురస్కారం ఏదీ ఇవ్వలేదు. ఇది మనం సిగ్గుపడవలసిన విషయమే.

గ్రాహకం కంటికి కనిపించడానికి ఇంకా కాలం పట్టింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ బృందం 1986లో బీటా గ్రాహకం జన్యువును చదివితే, అది కంట్లో వెలుతురును పసిగట్టే రొడాప్సిన్‌కు చుట్టమని బయటపడింది. రెండూ కణపొరను ఏడుసార్లు దాటుతాయి. ఇలాంటి గ్రాహకాలకు మనలో దాదాపు 800 జన్యువులున్నాయి. ఆయన శిష్యుడు బ్రయన్ కొబిల్కా 2011లో, గ్రాహకమూ జి-ప్రోటీనూ అతుక్కుని ఉన్న క్షణాన్నే స్ఫటికంలో పట్టుకున్నారు. మరుసటేడు ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్, అలర్జీకి వేసుకునే సెట్రిజిన్, బీపీకి వాడే టెల్మిసార్టన్, మెటొప్రొలాల్ ఈ గ్రాహకాల మీదే పనిచేస్తాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న మందుల్లో సుమారు మూడోవంతు ఈ కోవలోవే. వీటిలో మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. గ్రాహకాన్ని చాన్నాళ్లు మూసి ఉంచితే కణం కొత్త గ్రాహకాలను పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆపితే అవన్నీ ఒకేసారి అడ్రినలిన్‌ను అందుకుంటాయి, గుండె మీద భారం పడుతుంది. అందుకని బీపీ తగ్గింది కదా అని ఆ మాత్రలు సొంతంగా మానేయకండి. డాక్టరును అడిగి, మోతాదు మెల్లగా తగ్గించుకోండి.