భద్రాచలంలో 53 అడుగులు, మరి యానాంలో?

గోదావరికి వరద వస్తోందంటే మా యానాంలో పెద్దవాళ్లు ముందు అడిగే మాట "భద్రాచలంలో ఎంతుంది?" అనే. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు ఎక్కాల్లాగా అందరికీ నోటికొచ్చు.

మన దేశంలో వరదను ముందుగా అంచనా వేసి చెప్పే పని 1958లో ఢిల్లీ దగ్గర యమునా నదితో మొదలైంది. తర్వాత కేంద్ర జల సంఘం మిగతా నదులకూ దాన్ని విస్తరించింది. అప్పట్లో ఒడ్డున అంకెలు వేసిన కొలబద్ద ఉండేది. వరద రోజుల్లో ఒక మనిషి రాత్రనక పగలనక దాన్ని చూసి, వైర్‌లెస్‌లో చెప్పాలి. ఆ ఉద్యోగుల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు! ఇప్పుడు చాలాచోట్ల వంతెనకు రాడార్ సెన్సార్ బిగిస్తున్నారు. అది నీటి మీదకు తరంగాన్ని పంపుతుంది, తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి మట్టం లెక్కగడుతుంది. ఆ లెక్క ఉపగ్రహం ద్వారా ఆఫీసుకు చేరుతుంది.

అయితే ఒక్కచోటి అంకె చాలదని రెండు వరదలను పోల్చి చూస్తే నాకు అర్థమైంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3. తేడా నాలుగడుగుల చిల్లరే. కానీ ధవళేశ్వరం దగ్గర 1986లో 35 లక్షల క్యూసెక్కులు దాటితే, 2022లో వచ్చింది 25 లక్షల పైచిలుకు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. మరి ఇంత తేడా ఎలా? ఒడిశా వైపు నుంచి వచ్చే శబరి కూనవరం దగ్గర, అంటే భద్రాచలం దాటాక గోదావరిలో కలుస్తుంది. కాబట్టి ఆ నీళ్లు భద్రాచలం లెక్కలో ఉండవు. ఇదొక్కటే కారణం అనలేం. 2022లో పోలవరం వెనుక నీటి వల్లే భద్రాచలంలో మట్టం పెరిగిందని తెలంగాణ అంటే, కాదని ఆంధ్ర అంది. ఇలాంటి తగవు తీరాలంటే దారి పొడవునా కొలతలుండాలి.

ధవళేశ్వరం హెచ్చరికలు వేరు: 11.75, 13.75, 17.75 అడుగులు. మాకు దగ్గరి లెక్క అదే. కానీ ధవళేశ్వరం నుంచి గౌతమి పాయ మా దాకా వచ్చేసరికి సముద్రం పోటు కూడా చూసుకోవాలి. పోటు సమయంలో వరద త్వరగా దిగదు. 2022లో మా ఊరి వీధులూ మునిగాయి. టీవీలో భద్రాచలం, ధవళేశ్వరం అంకెల పక్కనే యానాం దగ్గర గౌతమి మట్టం, ఆ రోజు పోటు వేళ కూడా వేస్తే, బియ్యం బస్తా ఏ పూట అటకెక్కించాలో మా మామ్మ తనే లెక్క కట్టుకుంటుంది.