ఎమ్డెన్ గుండు అని రాసే ముందు



మన హాల్లో పాత వస్తువులకు ఒక అద్దాల బీరువా పెడదామని అనుకున్నప్పటినుంచి ఇనుప ముక్కల ఫోటోలు వస్తూనే ఉన్నాయి. కొన్ని తాతల పెట్టెల్లోవి. కొన్ని మన పిల్లలు మెటల్ డిటెక్టర్ పెట్టి పెరట్లో వెతికి తీసినవి. అన్నిటి కిందా ఒకటే మాట: "ఎమ్డెన్ గుండు". చీటీ రాసి బీరువాలో పెడితే రేపు మన మనవళ్ళు దాన్నే నమ్ముతారు. కాబట్టి ఆ ముక్క నిజంగా ఏమిటో ముందు తేల్చుకోవాలి.

కథ అందరికీ కొంత తెలిసిందే. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ చెన్నపట్నం రేవు ముందుకు వచ్చింది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద సెర్చ్‌లైటు వేసి నూరుకు పైగా గుళ్ళు కాల్పించాడు. రెండు ట్యాంకులు తగలబడ్డాయి. కొన్ని గుళ్ళు ఊళ్ళో పడ్డాయి. హైకోర్టు ప్రహరీగోడకు ఆ సంగతి చెప్పే ఫలకం ఇప్పటికీ ఉంది. ఆ తరువాతి రోజుల్లో ఊరు విడిచి పోయే జనంతో రైల్వే స్టేషన్లు కిక్కిరిసిపోయాయి. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ కథ ముగిసింది. పేరు మాత్రం నిలిచింది. తమిళంలో గడుసువాణ్ణి ఎమ్డెన్ అంటారు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు నేర్చుకున్న మాలాంటివాళ్ళకు రెండింట్లోనూ ఆ మాట అలవాటే.

ఇక ఇనుము సంగతి. ఎమ్డెన్ మీద ఉన్న 10 పెద్ద ఫిరంగులూ 105 మి.మీ. గొట్టంవే. ఆ గుండు ఉండలా గుండ్రంగా ఉండదు. మొన తీరిన ఉక్కు స్తంభంలా ఉంటుంది. పేలితే గోడ చీలి, అంచులు చింపిరిగా, పదునుగా ఉండే ముక్కలవుతుంది. నున్నటి అంచు కనిపిస్తే మొదటి అనుమానం అక్కడే రావాలి.

రెండో పరీక్ష వంపు. ముక్కను కాగితం మీద నిలబెట్టి బయటి వంపును పెన్సిలుతో గీయండి. ఆ గీత మీద 60 మి.మీ. ఎడంగా రెండు చుక్కలు పెట్టి, స్కేలుతో కలపండి. నడిమధ్యలో వంపు ఎంత ఎత్తు లేచిందో కొలవండి. 900ను ఆ ఎత్తుతో భాగించి, వచ్చినదానికి మళ్ళీ ఆ ఎత్తునే కలపండి. అదే పూర్తి గుండు అడ్డుకొలత. ఎత్తు తొమ్మిదిన్నర మి.మీ. వస్తే లెక్క 104 దగ్గర తేలుతుంది, ఎమ్డెన్‌కు సరిపోతుంది. ఎత్తు 1 మి.మీ. మాత్రమే ఉంటే 901 వస్తుంది. అంత పెద్ద గుండు ఏ ఎమ్డెనూ కాల్చలేదు. అది రైలు చక్రం కొలత! రాయపురం స్టేషను 1856 నుంచీ ఉంది. ఆ చుట్టుపక్కల మట్టిలో పాత బ్రేక్ బ్లాకు ముక్కలు దొరకడం వింత కాదు. పోత ఇనుముతో చేసి, చక్రానికి ఆనేలా వంచినవి అవి. రైల్వేలో పనిచేసినవాళ్ళం కనుక చెబుతున్నాం, ఫోటోల్లో రెండు మాకు అలాగే కనిపించాయి.

పేలేటప్పుడు ఉక్కు సాగి వంపు మారుతుంది కాబట్టి ఈ లెక్క ఒక్కటే చాలదు. మూడో గుర్తు రాగి పట్టీ. గుండు అడుగుభాగం చుట్టూ రాగి పట్టీ బిగిస్తారు. ఫిరంగి గొట్టంలోని మెలికల గాళ్ళు దాన్ని కోసుకుంటూ గుండును తిప్పి పంపుతాయి. ఏటవాలు గాట్లున్న రాగి ముక్క గానీ, పట్టీ కూర్చున్న గాడి ఉన్న ఉక్కు గానీ దొరికితే అది గట్టి సాక్ష్యం. అప్పుడు కూడా ఎవరి ఫిరంగి అని అడగాలి. ఆ రాత్రి తీరంలోని బ్రిటిష్ ఫిరంగులు కూడా తిరిగి కాల్చాయి.

వంపు ఒక వైపు కాక రెండు వైపులా ఉంటే అది ఉండ ముక్క కావచ్చు. 1746లోనూ, 1758-59లోనూ ఫ్రెంచివాళ్ళు కోటను ముట్టడించారు. అప్పటి పాత బ్లాక్ టౌన్ ఉన్న చోటే ఇప్పటి హైకోర్టు ఉంది. పన్నెండు పౌన్ల గుండు అడ్డుకొలత సుమారు 112 మి.మీ., అంటే ఎమ్డెన్ కొలతకు దగ్గరే. అందుకే ఒక్క కొలత చూసి మోసపోకూడదు. అది ఎమ్డెన్ కాకపోయినా, ఇంకా పాతది కనుక విలువ తగ్గదు.

విశాఖ బంధువుల దగ్గరనుంచి వచ్చిన ముక్కల సంగతి వేరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బాంబును గొట్టంలోంచి కాల్చరు కాబట్టి దానికి రాగి పట్టీ ఉండదు.

పిల్లలకు గట్టిగా చెప్పండి. ముక్క కాకుండా పూర్తి గుండు గానీ, మొనకు ఇత్తడి బిరడా లాంటిది ఉన్నది గానీ కనిపిస్తే ముట్టుకోకూడదు. సుత్తితో కొట్టడం, రంపం పెట్టడం, పాత ఇనుము కొట్టుకు మోసుకెళ్ళడం అసలే వద్దు. నూరేళ్ళయినా లోపలి మందు చచ్చిందని అనుకోవడానికి లేదు. దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి. కోట, పాత కట్టడాల ఆవరణల్లో డిటెక్టరు పట్టుకుని తవ్వవద్దు. సొంత పెరట్లో దొరికినా ఏ చోట, ఎంత లోతులో దొరికిందో అప్పుడే రాసిపెట్టండి. చోటు తెలియని ముక్క సగం మూగది.

కమిటీకి మా మనవి ఒకటే. చీటీలు మూడు రకాలుగా రాద్దాం. వంపు, పట్టీ, దొరికిన చోటు మూడూ కలిస్తే "ఎమ్డెన్ గుండు ముక్క". ఒకటి రెండే కలిస్తే "ఎమ్డెన్‌ది కావచ్చు". ఏదీ కలవకపోతే "ఫలానా వీధి కుటుంబం ఎమ్డెన్ జ్ఞాపకంగా దాచుకున్న ఇనుము". ఆ మూడో చీటీ తక్కువది కాదు. ఆ రాత్రి మూటలు కట్టుకుని రైలెక్కిన మన పెద్దల భయం నిజమే, ఇనుము ఏదైనా సరే. కొలతలు తీసినవాళ్ళు కాగితం మీది గీతతో సహా ఫోటో పెట్టండి, కలిసి చూద్దాం.