ముసుగు రెబెక్కా ఇల్లు మారిన కథ

సాలార్‌జంగ్ మ్యూజియం చరిత్రను 1951తో మొదలుపెట్టడం రివాజు. నాకు 1876 నుంచి చెప్పాలనిపిస్తుంది. హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఆ ఏడాది యూరప్ వెళ్లారు. పారిస్ హోటల్లో మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుని కూడా, ప్రయాణం మానకుండా ఇంగ్లండ్ చేరారు. ఆ యాత్రలోనే రోమ్‌లో ఒక పాలరాతి యువతిని కొన్నారు. అదే మన ముసుగు రెబెక్కా.

చెక్కినవాడు జొవాన్ని మరియా బెంజోనీ. దివాన్ కొనేనాటికి ఆయన పోయి మూడేళ్లయింది. ఇది ఫలానా దొరసానిని ఎదుట కూర్చోబెట్టుకుని చెక్కిన రూపం కాదు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఈమె రిబ్కా. కాబోయే భర్త ఇస్సాకు దూరంగా కనబడగానే ఒంటె దిగి ముసుగు వేసుకున్న పెళ్లికూతురు. ముఖమూ ముసుగూ ఒకే రాయి. ముక్కు, పెదవులు బట్టలోంచి ఆనవాలుగా తేలతాయి. మడతల్లో మాత్రం నీడ నిలుస్తుంది. గట్టి రాయి పల్చటి మేలిముసుగై కనబడటానికి కారణం ఆ వెలుగునీడల తేడాయే. ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే అని గొప్పలు పోనక్కర్లేదు. బెంజోనీ రెబెక్కాలు ఇంకా ఉన్నాయి, అమెరికాలో అట్లాంటాలోని హై మ్యూజియంలో ఒకటి చూడవచ్చు. దానివల్ల మన బొమ్మ పనితనానికి వచ్చిన లోటేమీ లేదు.

డెబ్బై అయిదేళ్లు ఆమె దివాన్ కుటుంబం సొత్తుగానే ఉంది. ఊళ్లో మామూలు మనిషికి ఆమెను చూసే దారి లేదు. మనవడు మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, కొన్నాళ్లు దివాన్‌గిరీ చేసి వదిలేసి, సంపదంతా సేకరణకే ధారపోశారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో కన్నుమూశారు. నేరు వారసులు లేకపోయినా, ఆయన కూడబెట్టిన అన్ని వేల వస్తువులు చెల్లాచెదురు కాకుండా నిలవడమే ఈ సంస్థ చరిత్రలో అసలు ఘట్టమని నా అభిప్రాయం. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఆ కుటుంబ భవనమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది.

మ్యూజియంలో గంట గంటకూ జనమంతా అక్కడి సంగీత గడియారం ముందు పోగవుతారు. రెబెక్కాను తీరిగ్గా చూడాలంటే అదే అదను. ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకండి. ఒకసారి పక్కకు వెళ్లి, చెంప దగ్గర ముసుగు ఎక్కడ మొదలైందో వెతకండి.