కట్ట, తూము, దానం: రాతినేలల చెరువుల ఆర్థిక చరిత్ర

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం ముందు నిలబెట్టిన రెండు రాతిపలకల మీద ఒక సంస్కృత శాసనం ఉంది. కాలం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజసాగరమనే చెరువు కట్టించి ఈ శాసనం వేయించాడు. దానశాసనాల్లో మామూలుగా ఉండే వంశస్తుతి, దేవతాస్తుతి, పుణ్యఫలం ఇందులోనూ ఉన్నాయి. కానీ దాన్ని ప్రత్యేకం చేసేది నడుమ వచ్చే జాబితా. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు.

అంగాల్లో మొదటిది ధర్మబుద్ధి, సంపద, కీర్తికాంక్ష ఉన్న రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. మూడోదానితో శాసనం నేల మీదికి దిగుతుంది: గట్టి బంకమట్టి ఉండాలి. ఆ పైన తీపినీళ్ల ఏరు, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని బిగువైన రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, నిడుపాటి రాళ్లు దొరికే గని, చుట్టూ చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు. దోషాల్లో కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, గర్భం మధ్యలో మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం ఉన్నాయి. మిగిలినది రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. కృష్ణా జలాల తగాదా చూసినవాళ్లకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఖర్చయిన ధనధాన్యాలకు లెక్కలేదని కూడా శాసనమే చెబుతోంది. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం అనే సప్తసంతానాల ప్రస్తావనా అందులోనే ఉంది. ఈ ఏడింటిలో ఒక్కటి నిలబెట్టినా చనిపోయాక పేరు నిలుస్తుందన్నది ఆనాటి నమ్మకం.

ఈ శాసనం మొదలుకొని అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. తెలంగాణ, రాయలసీమ మెట్టనేలల్లో 12 నుంచి 16వ శతాబ్దం దాకా చెరువుల సేద్యం అంతగా విస్తరించడంలో మతం వాటా ఎంత? గుడి వల్లే ఊళ్లు బాగుపడ్డాయని ఒక వాదం ఉంది. గుడి పేరుతో రాజులూ పెత్తందార్లూ రైతుల మిగులును లాక్కున్నారని ఇంకో వాదం ఉంది. ఆధారాలు నన్ను ఈ రెండింటికీ నడుమ ఒక చిన్న నిర్ధారణ దగ్గరికి మాత్రమే తీసుకొస్తున్నాయి. మతం నీళ్లు తేలేదు. పెట్టుబడి పెట్టడానికి ఒక కారణాన్నీ, వచ్చిన ఫలాన్ని తరాల తరబడి పంచుకోవడానికి ఒక లెక్కనూ ఇచ్చింది. ఆ లెక్క నడిచినచోట చెరువు బతికిందని చెప్పడానికి కొంత ఆధారం ఉంది. జనం సుఖపడ్డారని చెప్పడానికి అంత లేదు.

ముందు నేల సంగతి. దక్కన్ పీఠభూమిలో అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. వాన ఏడాదిలో నాలుగు నెలలకు మించి ఉండదు. అనంతపురంలో సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. రాయి నీటిని లోపలికి పెద్దగా పోనివ్వదు, వాలు మీద పడ్డ వాన ఆగదు. అయితే అదే నేల చిన్నచిన్న లోయలనూ, రెండు గుట్టల మధ్య ఇరుకునూ ఇస్తుంది. అక్కడ అడ్డంగా కట్ట పోస్తే చెరువు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. గొలుసుకట్టు చెరువులు ఇలా పుట్టినవే. వీటిని ఏ దేవుడూ కోరలేదు, ఏ రాజూ కనిపెట్టలేదు. నేల వాలు అనుమతించింది, వరి మీద ఆశ పురికొల్పింది.

కాకతీయుల కాలంలో ఇది ఊపందుకుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో శివాలయం ప్రతిష్ఠించాడు. అదే ఇప్పటి రామప్ప గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. యాత్రికులు గుడి చూసి వెళ్లిపోతారు కానీ, పక్కనే ఉన్న రామప్ప చెరువు లేకుండా ఆ గుడి అర్థం కాదు. నైవేద్యానికి బియ్యం, దీపానికి నూనె, అర్చకులకూ ఆటపాటలవాళ్లకూ జీతం ఏటా రావాలంటే ఏటా పండే భూమి ఉండాలి. అడవంచున భూమి పండాలంటే చెరువుండాలి. పాకాల, లక్నవరం చెరువులూ ఆ కాలానివే.

సింథియా టాల్బట్ 2001లో ప్రచురించిన గ్రంథం కాకతీయుల నాటి శాసనాలను దాతలెవరు, ఏమిచ్చారు, ఎక్కడిచ్చారు అన్న లెక్కన విడదీసి చూసింది. అందులో తేలిన తేడా మన ప్రశ్నకు కీలకం. తీరంలో ద్రాక్షారామం వంటి పాత, పెద్ద క్షేత్రాలకు పశువుల దానాలు ఎక్కువ. లోపలి ప్రాంతాల్లో కొత్తగా లేచిన చిన్న గుళ్లకు స్థానిక నాయకులిచ్చిన భూములు, చెరువులు ఎక్కువ.

పశువుల దానం ఎలా నడిచేదో కాస్త దగ్గరగా చూడాలి. గుడిలో అఖండదీపం వెలగాలని ఒకరు యాభై గొర్రెలో, పాతిక ఆవులో ఇస్తారు. ఆ మందను ఒక బోయకు, అంటే కాపరికి, అప్పగిస్తారు. అతను రోజూ మానెడు నెయ్యి తెచ్చి దీపంలో పోయాలి. మంద పెరిగితే ఆ పెరుగుదల అతనిది. అతని తర్వాత కొడుకులు, మనవలు ఇదే పని చేయాలి. దాతకు పుణ్యం, గుడికి దీపం, కాపరికి మంద. ఆచంద్రార్కమని రాసుకున్న ఈ ఏర్పాటులో అసలు మొత్తం కదలదు, దాని మీద వచ్చే ఫలమే వాడుకలోకి వస్తుంది. చెరువు దానమూ ఇదే కట్టడి మీద నడిచింది. కాకపోతే గొర్రెకు బదులు నీరు.

దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం తిరుమలలో ఉంది. అక్కడి గోడల మీది శాసనాలను దేవస్థానం 1930ల్లో సంపుటాలుగా అచ్చువేసింది. ఎక్కువ భాగం తమిళంలో ఉన్న వీటిని ఆధారం చేసుకుని బర్టన్ స్టైన్ 1960లో ఒక పరిశోధనా వ్యాసం రాశాడు. 15, 16 శతాబ్దాల్లో దాతలు స్వామికిచ్చిన రొక్కాన్ని గుడి ఊరికే దాచుకోలేదు. తన గ్రామాల్లో చెరువులు తవ్వించడానికి, కాలవలు తీయించడానికి ఖర్చుపెట్టింది. నీళ్లు పెరిగాక అదనంగా వచ్చిన పంటతో దాత కోరిన నైవేద్యం ఏటా జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. అతను దాన్ని తినొచ్చు, సత్రానికి రాయించొచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. అంటే కొండ మీద ఒక వడ ఎవరి చేతికి వస్తుందన్నది కింద ఏ ఊళ్లో కాలవ తవ్వారన్నదానితో ముడిపడింది.

స్టైన్ వ్యాసాన్ని ఉటంకించేవాళ్లు తరచు ఒక అడుగు ఎక్కువ వేస్తారు. ఇదంతా దక్షిణ భారతమంతటా ఇలాగే జరిగిందంటారు. తిరుమల మామూలు గుడి కాదు. సాళువ నరసింహుడి నుంచి కృష్ణదేవరాయలు, అచ్యుతరాయల దాకా రాజుల కన్నూ ఖజానా రెండూ దాని మీద ఉన్నాయి. మారుమూల ఊళ్లో నాలుగు ఎకరాల మాన్యం ఉన్న చెన్నకేశవుడి గుడి ఇంత పెట్టుబడి పెట్టిందనడానికి తిరుమల శాసనాలు సాక్ష్యం కావు.

గుడి లేకుండానే చెరువును నిలబెట్టిన ఏర్పాటు మరొకటి ఉండేది, దశబంధం. చెరువు కట్టినవాడికో, తెగిన కట్ట పూడ్చినవాడికో ఆయకట్టులో కొంత భూమి పన్ను లేకుండానో తక్కువ పన్నుకో వదిలేవారు. షరతు ఒక్కటే: కట్టనూ తూమునూ అతను చూసుకోవాలి. రాయలసీమను ఇంగ్లీషువాళ్లు దత్తమండలాలుగా పుచ్చుకున్నాక కూడా వాళ్ల రికార్డుల్లో దశబంధం ఇనాములు కనిపిస్తూనే ఉన్నాయి. ఊరి స్థాయిలో తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంత పారించాలో చూసే నీరటికి, రాయలసీమ మాటలో నీరుగట్టుకు, కల్లం దగ్గర కొంత గింజ, కొంత మాన్యం ముట్టేవి. చెరువును నడిపింది రాజు కీర్తి కాదు, నీరటికి అందే ఆ గింజ అని నాకనిపిస్తుంది. రాజులు శాసనం వేయించుకున్నారు, నీరట్ల పేర్లు మాత్రం రాళ్ల మీద అంతగా కనపడవు.

ఇక్కడ సాక్ష్యాల అసలు లోటు బయటపడుతుంది. శాసనం దాత చెప్పించిన మాట. కట్ట తెగినప్పుడు, నీటి కోసం కొట్టుకున్నప్పుడు, కూలి ఎగవేసినప్పుడు ఎవరూ రాయి చెక్కించరు. పోరుమామిళ్ల రాయి వెయ్యిమంది కూలీలను లెక్కపెట్టింది కానీ లెక్కలేనంతగా ఖర్చయిన ఆ ధాన్యంలో వాళ్ల ఇళ్లకెంత చేరిందో దాన్నిబట్టి తేల్చలేం. పైగా గుడి గోడ మీద చెక్కిన లేఖ నిలుస్తుంది, తాటాకు మీది కరణం లెక్క చెదలకు పోతుంది. మనకు మిగిలిన సాక్ష్యంలో గుడి పెద్దదిగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఆ ఖాళీని నింపేది ఇంకో రకం మతం, శాసనాలకెక్కనిది. తెలంగాణలో చాలా చెరువుల మీద కట్టమైసమ్మ ఉంటుంది. ఆమె కూర్చునేది గర్భగుడిలో కాదు, కట్ట మీదే, ఎక్కువగా తూముకు దగ్గర్లో. పూజారి బ్రాహ్మణుడు కానక్కర్లేదు. చెరువు నిండితే యాటను కోస్తారు. కట్టకు గండి పడకుండా చూడమన్నదే ఆమెకు పెట్టే మొక్కు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు గురించి చెప్పే కథ ఇంకా కటువైనది. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు నీళ్లకు బలైందంటారు. కట్టమంచి రామలింగారెడ్డి ముసలమ్మ మరణం కావ్యానికి ఇదే వస్తువు. ఈ కథను బట్టి నరబలి జరిగిందనుకోవడం తొందరపాటు. కట్ట భయం ఊళ్లో ఎంత లోతుగా ఉండేదో, ఆ భయానికి మూల్యం చెల్లించాల్సిన మనిషిని ఇంట్లో ఏ స్థానం నుంచి ఎంచారో మాత్రం ఇది చెబుతుంది. కొడుకుల్లో ఒకణ్ని ఎంచిన కథ కాదిది.

మతం లేకుండా నీళ్లు వస్తే ఏమవుతుందో చూడటానికి డెల్టా ఉంది. 1832-33 నాటి కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది. మూడేళ్లకు బెజవాడ దగ్గర కృష్ణ మీదా ఆనకట్ట లేచింది. కంపెనీ చూసింది శిస్తును, పుణ్యాన్ని కాదు. వరి మిగులు అక్కడి నుంచి రైసుమిల్లులకు, చదువులకు, ఆ తర్వాత సినిమాలకు, పరిశ్రమలకు పారిన కథ తెలిసిందే. ముచ్చటేమిటంటే ఇక్కడ భక్తి నీళ్ల వెనకాల వచ్చింది. కాటన్ విగ్రహాలకు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ దండలు పడతాయి.

1876-78 నాటి మహాకరువు రాయలసీమ చెరువులను వట్టిపోగొట్టినప్పుడు మాన్యాలూ మైసమ్మలూ ఎవరినీ కాపాడలేదు. వరసగా వానలు పోతే చెరువు ఏ ఏర్పాటు కింద ఉన్నా ఎండుతుంది. కాబట్టి డెల్టాకూ మెట్టకూ వచ్చిన తేడాను సంస్థల మీదో మతం మీదో నెట్టడానికి ముందు, హిమాలయాల్లో పుట్టకపోయినా ఏడాదిలో చాలా భాగం పారే నది ఒకవైపు, వానొస్తే తప్ప పారని వాగు ఇంకోవైపు ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి.

పాత లెక్క ఎప్పుడు తెగిందో చెప్పడం కొంత తేలిక. తిరుమల నిర్వహణ 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు, 1933లో దేవస్థానాల కమిటీకి వెళ్లింది. భక్తుల కానుకకూ కింది ఊళ్ల కాలవలకూ మధ్య ఉన్న బంధం ఈ మార్పుల్లో మళ్లీ అతుక్కోలేదు. తెలంగాణలో 1955లో, ఆంధ్ర ప్రాంతంలో 1956లో ఇనాముల రద్దు చట్టాలు వచ్చాయి. పెత్తందార్ల చేతిలోంచి భూమి విడిపించడానికి అవి అవసరమే. చెరువు చాకిరీకి కట్టిన మాన్యాలకు బదులు ఏం పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు బలహీనంగానే ఉండిపోయింది. తర్వాత బోరుబావులు వచ్చాయి. మోటారున్న రైతుకు తూము దగ్గర కాపు కాయాల్సిన పని తప్పింది, తన పొలంలో ఊరే నీళ్లు ఆ చెరువువేనన్న ఎరుకా తగ్గింది.

2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకుని, వాటిలో చాలావాటికి పూడిక తీయించింది. ఆ ఒండ్రుమట్టి రైతుల పొలాలకు చేరింది. పథకం పేరులో కాకతీయులున్నారు. వాళ్ల నాటి ఏర్పాటులో ఉన్న రెండో సగం, అంటే కట్టను ఏటా చూసుకునేవాడికి ఏటా అందే వాటా, అందులో లేదు. ఆ వాటా ప్రభావం తేల్చడానికి దారి ఒకటుంది. పాత ఇనాం రిజిస్టర్లలో దశబంధం నమోదైన చెరువులనూ, అదే మండలంలో అలాంటి నమోదు లేని చెరువులనూ పక్కపక్కన పెట్టి, ఏవి ఎన్నిసార్లు తెగాయో, ఏ ఆయకట్టు ఎంత కుంచించుకుపోయిందో సర్వే పటాలతో పోల్చి చూడాలి. తిరుమల శాసనాల్లో కాలవలు తవ్వినట్టు పేర్కొన్న ఊళ్లకూ ఇదే పని చేయవచ్చు. చాలా ఊళ్ల పేర్లను ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు.